శుభ్రమైన సస్పెన్సు – వదిలేసిన శతకం

ఈ వ్యాసానికి కారణం ఒక బీరువా. సూళ్లూరుపేట నుంచి తడ వైపు వచ్చే దారిలో ఒక చర్చి ఆవరణలో, ఆదివారపు బడి నడిచే గదిలో ఒక మూల అది ఉంది. పులికాట్ ఉప్పుగాలికి తలుపులు తుప్పుపట్టి, గట్టిగా లాగితే తప్ప తెరుచుకోవు. అందులో బైబిళ్లు, పాటల పుస్తకాలు, తెలుగు కరపత్రాలతోపాటు నలభై దాకా ఇంగ్లీషు నవలలు ఉన్నాయి. అన్నీ అమెరికాలోని క్రైస్తవ ప్రచురణ సంస్థలు వేసిన సస్పెన్సు నవలలు. కొన్ని ఎవరో విదేశాల నుంచి తెచ్చి ఇచ్చినవి, కొన్ని మద్రాసు పాతపుస్తకాల దుకాణాల్లో కొన్నవి. నర్సింగు చదివే ఆడపిల్లలు, ఇంగ్లీషు మెరుగుపరుచుకోవాలనుకునే డిగ్రీ విద్యార్థులు వాటిని ఇళ్లకు తీసుకుపోతుంటారు. నేనూ ఒక ఏడాదిపాటు ఆ బీరువా పాఠకుణ్ణే.

ఆ నవలల్లో ఒకదానిలో, నాకంటే ముందు చదివినవారెవరో ఒక మాట మీద నల్లసిరా పూశారు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే ఆ మాట 'విస్కీ' అని తెలిసింది. అదే పుటలో, నాలుగు వాక్యాల కింద, ఒక మనిషిని బతికుండగానే కారు డిక్కీలో పడేసి తాళం వేస్తారు. దాని మీద సిరా లేదు.

ఈ రకం నవలలకు అమెరికా పుస్తక వ్యాపారంలో ఒక పేరుంది: 'క్లీన్' సస్పెన్స్. హత్య ఉంటుంది, అపహరణ ఉంటుంది, విషప్రయోగం ఉంటుంది, బాంబు పెట్టినవాడు చివరి అధ్యాయం దాకా దొరకడు. బూతుమాట ఉండదు. పడకగది ఉండదు. తాగుడును మెచ్చుకోవడం ఉండదు. నాయిక విశ్వాసం కథ మధ్యలో సడలి చివరికి నిలదొక్కుకుంటుంది. టెరీ బ్లాక్‌స్టాక్ అనే రచయిత్రి మొదట మారుపేర్లతో మామూలు ప్రేమనవలలు రాసి, అవి మానుకుని 1990లలో ఈ దారికి వచ్చింది. డీ హెండర్సన్ అనే ఆమె, అనాథాశ్రమంలో పెరిగిన ఏడుగురు ఒకే ఇంటిపేరు పెట్టుకుని తోడబుట్టినవాళ్లయిన కథను వరస నవలలుగా రాసింది. రాత్రి మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా వాటిని కింద పెట్టలేకపోయానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. పాఠకుడి ఊపిరి బిగబట్టించడం ఒక పనితనం. ఆ పనితనం లేని మన నవలలు కొన్నిటిని సిద్ధాంత గౌరవంతో చదివి పూర్తిచేసిన అనుభవం మనందరికీ ఉంది.

అభ్యుదయ విమర్శకులకు ఈ పుస్తకాలతో పనేమిటని అడగవచ్చు. మతప్రచారమని ఒక్కమాటతో తోసేస్తే పోతుంది కదా అనీ అనవచ్చు. నేను అలా అనుకోను. మన పత్రికలు చేరని ఇళ్లకు ఇవి చేరుతున్నాయి. పైగా 'శుభ్రమైన సాహిత్యం' అన్న మాట పాదిరీల ఒక్కరి సొత్తు కాదు. క్షుద్ర సాహిత్యం మీద మనం పోరాడిన రోజుల్లో మన వ్యాసాల్లోనూ అది దొర్లింది. ఆ మాటకు ఈ తీరంలో నాలుగు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న చరిత్ర ఉంది. పుస్తకాన్ని శుభ్రం చేసినవారు దేన్ని తుడిచారు, తుడిచే పనిలో పడి దేన్ని చూడలేదు అన్న ప్రశ్నతో ఆ చరిత్రను ఒకసారి తిరగేయాలని నా ప్రయత్నం.

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం మన వైపే ఉంది. 2022 దాకా అది నెల్లూరు జిల్లా, ఆ ఏడు ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. స.వెం. రమేశ్ కథల పుణ్యమా అని ప్రళయకావేరి అన్న దాని పాతపేరు సాహిత్య పాఠకులకు పరిచయమే. దక్షిణపు కొసన ఉన్న పులికాట్ ఊరు – తమిళులు పళవేర్కాడు అంటారు – తమిళనాడులో ఉంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆ ఊళ్లో 1613లో గెల్డ్రియా అనే కోట కట్టింది. 1690లో నాగపట్టణానికి మారేదాకా కోరమండల్ తీరంలో డచ్చివారి ముఖ్యస్థానం అదే. వారికి కావలసింది ఇక్కడి నేతబట్ట. ఆ బట్ట తూర్పు దీవులకు పోయేది, అక్కడి సుగంధద్రవ్యాలు యూరపుకు పోయేవి.

ఆ కోటలోని వారికి మతబోధ చేయడానికి 1632 ప్రాంతంలో అబ్రహాం రోజర్ అనే పాదిరీ వచ్చాడు. పదేళ్లు ఉన్నాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుడు పోర్చుగీసు భాషలో చెబుతూ ఉంటే, ఈ దేశపు బ్రాహ్మణుల ఆచారాలూ నమ్మకాలూ శ్రద్ధగా రాసుకున్నాడు. ఆయన 1649లో చనిపోయాడు. పుస్తకం 1651లో లైడెన్‌లో అచ్చయింది. మరుగున ఉన్న అన్యమతానికి తెరిచిన తలుపు అన్న అర్థం వచ్చే పేరు దానిది. అందులో భర్తృహరి సుభాషితాలకు డచ్చి వచనానువాదం కూడా చేరింది. 1663లో జర్మన్‌లోకీ, 1670లో ఫ్రెంచిలోకీ ఆ పుస్తకం వెళ్లింది. కాళిదాసు పేరు యూరపుకు తెలియడానికి వందేళ్లకు పైగా ముందే, మన పులికాట్ కోట గోడల మధ్య నుంచి భర్తృహరి అక్కడికి చేరాడన్నమాట.

భర్తృహరి శతకాలు మూడని మనకు తెలుసు. ఏనుగు లక్ష్మణకవి మూడింటినీ తెలుగు చేశాడు. బడిలో మనకు పెట్టింది నీతి ఒక్కటే అయినా. రోజర్ పుస్తకంలో రెండే ఉన్నాయి – నీతి, వైరాగ్యం. శృంగారం లేదు. పద్మనాభుడే దాన్ని చెప్పలేదని పండితులు రాశారు. చెప్పమని పాదిరీ పట్టుబట్టి ఉంటాడని ఊహించడానికి నాకు ఆధారమేమీ కనిపించదు. ఒకరి దేవుణ్ణి ఒకరు నమ్మని ఇద్దరు మనుషులు, భాషలు వేరు, దేశాలు వేరు, ఒక్క విషయంలో మాత్రం మాట్లాడుకోకుండానే ఒప్పందానికి వచ్చారు: పరాయివాడి ముందు విప్పదగింది ఏది, దగనిది ఏది అన్న విషయంలో. క్రైస్తవ ప్రచురణ చరిత్రలో శుభ్రపరిచిన ప్రతి ఒకటి మన తీరంలో తయారైంది ఇలాగ. అందులో సగం చేయి బ్రాహ్మణుడిది.

ఇక ఆ కోటలో జరుగుతున్న మరో పని. 1620ల నుంచి 1660ల దాకా డచ్చి కంపెనీ ఈ తీరం నుంచి మనుషులను కొని ఓడల్లో బటావియాకు పంపింది. పులికాట్ ఆ వ్యాపారానికి పెద్ద రేవు. సంఖ్య వేలల్లో ఉంది. కరువు వచ్చిన ఏళ్లలో ఓడలు త్వరగా నిండేవి. గింజలు లేక తల్లిదండ్రులు పిల్లలను అమ్ముకునేవారు, దళారులు తెచ్చి కోటకు అప్పగించేవారు. రోజర్ పులికాట్‌లో గడిపిన పదేళ్లు సరిగ్గా ఈ కాలం మధ్యలో పడతాయి. ఆయన పుస్తకం ఈ ఓడల గురించినది కాదు, నిజమే. బ్రాహ్మణుల గురించినది. ఆ ఎంపిక గురించే నా మాట. శృంగార శతకం లేకపోవడాన్ని పండితులు మూడు వందల ఏళ్లుగా గుర్తుపెట్టుకుని రాస్తూ వచ్చారు. లేకుండా పోయిన మనుషుల మాట చరిత్రకారులు ఎత్తడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

తెలుగులో అచ్చుకు వస్తే, దాని మొదలు కూడా ఇటువంటి చేతుల్లోనే. 1728 నుంచి 1743 దాకా మద్రాసులో ఉన్న బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరీ స్వదేశానికి పోయాక, 1746–47లో హాలె పట్నంలో తెలుగు అక్షరాలతో చిన్నచిన్న పుస్తకాలు అచ్చువేయించాడు. వాటిలో ఒకదాని పేరు 'మోక్షానికి కొంచుపొయ్యే దోవ'. పండితుల గ్రాంథికం కాకుండా, కూలివాడు పలికే 'దోవ' అచ్చెక్కడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మద్రాసులో వేపేరి అచ్చుయంత్రం కథ వేరు. 1761లో పాండిచ్చేరి పట్టుకున్నప్పుడు ఇంగ్లీషువారు ఫ్రెంచివారి దగ్గర కొల్లగొట్టిన యంత్రమది. ప్రభుత్వం పనులు కూడా అచ్చువేసి పెట్టాలన్న షరతు మీద దాన్ని ఫాబ్రీషియస్ అనే పాదిరీకి అప్పగించారు. యుద్ధపు దోపిడీ సొమ్ము మీద ప్రార్థన పుస్తకాలు అచ్చయ్యాయి.

సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతానికి 1865లో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వచ్చింది; ఆగస్టు మీలియుస్ దానికి ఆద్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్లకు ఇక్కడ చోటు లేకుండాపోయి, ఆ పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వెళ్లింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ పరంపరలోదే. కాబట్టి ఈ పల్లెలకూ అమెరికా పుస్తకానికీ ఉన్న చుట్టరికం నిన్నటిది కాదు. ఉత్తరాన ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్తిస్టు పాదిరీ, 1876–78 ధాతుకరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని మాదిగ పల్లెలకు కూలి చూపించాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువే పులికాట్ సరస్సు మీదుగా మద్రాసుకు పోతుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. శుభ్రం అన్న మాట అమెరికాలో ఒక అర్థంతో పలుకుతుంది, మాలపల్లెలో మరో అర్థంతో పలుకుతుంది. అక్కడ అది నోటి మర్యాద. ఇక్కడ అది మైలకు ఎదురు మాట. తాకితే మైలపడతామని తరతరాలుగా వెలి ఉంచిన మనుషుల ఇంట్లో, తెల్లటి గుడ్డలో చుట్టి గూట్లో పెట్టిన ఒక పుస్తకం ఉండడం చిన్న సంగతి కాదు. చదువు తమది కాదన్నవారి ముందు వారు నిలబెట్టిన వస్తువది. ఆ ఇంటి ఆడపిల్ల తాను చదివే నవలలో బూతు లేదని గట్టిగా చెబుతుందంటే, దాన్ని మధ్యతరగతి సంకోచమని మనం నవ్వడం తొందరపాటు. ఆమెను, ఆమె తల్లిని ఊరు ఏయే మాటలతో పిలిచిందో ఆమెకు తెలుసు. బూతు ఆమెకు సాహిత్య స్వేచ్ఛగా తగల్లేదు. చెరువుగట్టు మీద తిట్టుగా తగిలింది. జాషువా పద్యంలో ప్రతి అక్షరం అంత కడిగినట్టు మెరవడానికి కారణం ఛందస్సు ఒక్కటేనని నేను అనుకోను.

ఇలాంటి ఇళ్లలో బైబిలు తర్వాత చదివిన కథ జాన్ బన్యన్ రాసినది. యాత్రికుని ప్రయాణం పేరుతో తెలుగు క్రైస్తవ కుటుంబాలు తరతరాలుగా దాన్ని చదువుకుంటున్నాయి. మతబోధ అనుకుని మనం పక్కన పెట్టిన ఆ పుస్తకాన్ని ఒకసారి సస్పెన్సు కథగా చదివి చూడండి. వీపున మూటతో ఇల్లు వదిలి పరుగెత్తే మనిషి. దారిలో ఊబి. లోయలో దారికి అడ్డంగా నిలిచిన రాక్షసుడితో సగం రోజు పోరాటం. సంశయమనే కోటలో బందీలు, పది రోజుల్లోగా చంపేస్తానన్న రాక్షసుడు, అంతవరకూ జేబులో మరచిపోయిన తాళంచెవి. పుట తిప్పకుండా ఎవరుంటారు?

బన్యన్ పాతగిన్నెలకు మాట్లు వేసుకుని బతికే కులవృత్తివాడు. అనుమతి లేకుండా బోధించాడని 1660 నుంచి పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారు. పుస్తకం మొదటి భాగం 1678లో వచ్చింది. అందులో బూతు లేదు, పడకగది లేదు. అయితే ఒక సంత ఉంది. వ్యర్థపు సంత. అక్కడ ఇళ్లూ భూములూ బిరుదులూ రాజ్యాలతోపాటు మనుషుల శరీరాలూ ఆత్మలూ కూడా సరుకే. ఆ సంతలో ఏమీ కొనమన్నందుకు ఇద్దరు బాటసారులను పట్టి బోనెక్కిస్తారు. న్యాయాధిపతి పేరే మంచిని ద్వేషించేవాడు. జ్యూరీలో మొదటివాడి పేరు గుడ్డివాడు. ఒకణ్ణి కాల్చి చంపుతారు. తనకు శిక్ష వేసిన కోర్టును, దాని వెనక ఉన్న ఆస్తిని ఒక కూలిజాతి మనిషి ఇంత స్పష్టంగా గుర్తుపట్టి రాసిన కథలు ఆ శతాబ్దంలో ఎన్ని ఉన్నాయి? ఇ.పి. థాంప్సన్ ఇంగ్లీషు కార్మికవర్గ చరిత్రలో ఈ పుస్తకాన్ని పునాది గ్రంథాల్లో ఒకటిగా లెక్కవేయడం ఊరికే కాదు. శుభ్రమైన కథ నిజం చెప్పలేదన్న వాదానికి బన్యన్ దగ్గరే బదులు దొరుకుతుంది.

మన నవల పుట్టుకలోనూ ఈ చేయి కొంత ఉంది. వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో మొదలై 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ రాసిన ఒక పాదిరీ కుటుంబం కథ దానికి ప్రేరణ. బంగారం చేస్తానని మోసగించే బైరాగి, అడవిలో దొంగలు, చనిపోయిందనుకున్న కూతురు మగవేషంలో తిరిగి రావడం, మారువేషంలో తిరిగే రాజు – తెలుగులో సంస్కారవంతమైన సస్పెన్సుకు నాంది పలికింది మన సంఘసంస్కర్తే. హచిన్సన్ అనే మిషనరీ దాన్ని ఇంగ్లీషు చేసి 1887లో లండన్‌లో ప్రచురించాడంటే ఆశ్చర్యం లేదు. ఇదే వీరేశలింగం కవుల చరిత్ర రాస్తూ ముద్దుపళనిని అసభ్యమని తిట్టిపోశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుదలతో 1910లో రాధికాసాంత్వనము పరిష్కరించి వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసేదాకా శృంగారం మళ్లీ వదిలేసిన శతకమే. ఈసారి వదిలించినవారిలో తెల్లదొరలతోపాటు మన నవయుగ వైతాళికుడూ ఉన్నాడు.

స్వాతంత్ర్యం తర్వాత డిటెక్టివ్ నవల మన రైల్వే స్టేషన్లను ఆక్రమించింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను ఎరగని తెలుగు పాఠకుడు ఆ తరంలో లేడు. ఆరుద్ర అంతటివాడు డిటెక్టివ్ నవలలు రాశాడు; ఆయన జీవితచరిత్రల్లో దాన్ని మనం కాస్త గొంతు తగ్గించి చెబుతుంటాం. తర్వాత 1980ల మొదట్లో తులసిదళం వచ్చింది. చేతబడి మీద మన అభ్యంతరాలన్నీ సరైనవేనని ఇప్పటికీ నా నమ్మకం. అయితే వాటిలో ఎక్కువ భాగం మూఢనమ్మకం చుట్టూ, అశ్లీలం చుట్టూ తిరిగాయి. ఆ కథలో కీడు చేసేవాడు అడవిజాతి మనిషి కావడం, కీడుకు గురయ్యేది డబ్బున్న ఇంటి పాప కావడం గురించి రాయవలసినంత రాయలేదు. మన సిరా కూడా విస్కీ మీదే పడింది.

అమెరికా నవలలకు తిరిగి వస్తాను. 1986లో ఫ్రాంక్ పెరెటి అనే రచయిత ఒక నవల రాశాడు. చిన్న అమెరికా ఊరు. ఒక పాదిరీ, ఒక పత్రికా సంపాదకుడు. ఊరి కళాశాలను కైవసం చేసుకోవాలని ఒక రహస్య సంస్థ ప్రయత్నం. దాని వెనక దయ్యాల సేన. ఆ దయ్యాలు మనుషుల్లోకి దూరే దారి ఏది? తూర్పు దేశాల ధ్యానం. అంటే తులసిదళంలో అడవిజాతి మనిషి కూర్చున్న పీట మీద ఈ నవలలో మనం అందరం కూర్చున్నాం. ఒకటి అశుభ్రమైన పుస్తకం, మరొకటి శుభ్రమైన పుస్తకం. భయాన్ని దిగుమతి చేసుకునే పద్ధతి మాత్రం ఒక్కటే: కీడు ఎప్పుడూ పొలిమేర అవతలి నుంచి వస్తుంది.

1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' వరస ఇంకా పెద్దది. టిమ్ లహే, జెర్రీ జెంకిన్స్ కలిసి రాసిన పదహారు పుస్తకాలు, ఆరు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ఒక్క బూతుమాట కనిపించదు. అందులో క్రీస్తు విరోధి ఒక రుమేనియా రాజకీయవేత్త, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి. వాడు ఏం చేస్తాడు? దేశాలన్నీ ఆయుధాలు విడిచిపెట్టాలంటాడు, శాంతి ఒప్పందాలు చేయిస్తాడు. ఆ మాటలు వినగానే విశ్వాసులు వణకాలి! నిరాయుధీకరణ సైతాను లక్షణమైన ఒక కథను, బూతు లేదు కాబట్టి పిల్లలకు నిశ్చింతగా ఇవ్వవచ్చని భరోసా. ఇంతకంటే చక్కగా శుభ్రత చేసే పనిని విప్పి చూపే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ పుస్తకాలు వేసేవారెవరో కూడా చూడాలి. జాండర్‌వన్ సంస్థను 1988లో రూపర్ట్ మర్డాక్ కంపెనీ కొనేసింది. థామస్ నెల్సన్ కూడా తర్వాత అదే హార్పర్ కాలిన్స్ గొడుగు కిందికి వెళ్లింది. ప్రేమనవలల కర్మాగారంగా పేరున్న హార్లెక్విన్ 1997లో క్రైస్తవ శాఖ తెరిచి, 2005లో అందులో సస్పెన్సుకు వేరే వరస పెట్టింది. 2014లో ఆ హార్లెక్విన్‌నూ హార్పర్ కాలిన్స్ కొంది. ఒకే యజమాని ఒక గదిలో పడకగది ఉన్న నవల, పక్కగదిలో పడకగది లేని నవల అచ్చువేస్తాడు. బన్యన్ సంతలో ఇప్పుడు బన్యన్ కూడా సరుకే. దీనికి ఆ రచయిత్రులను నిందించి లాభం లేదు. వారిలో నిజాయితీ ఉన్నవారున్నారు. ఏడుగురు అనాథల కథ రాసినామె, తోడు లేని మనుషులకు తోడు ఎలా దొరుకుతుందో మనసు పెట్టి రాసింది. కాని ఏడుగురిలో ఒకతె పోలీసు మధ్యవర్తి, ఒకడు ప్రభుత్వ మార్షల్. పోలీసు తప్పు చేయడం, చట్టమే నేరమై కూర్చోవడం నేను చదివినంతలో ఆ వరసలో ఎక్కడా ఎదురుకాలేదు. నేరం ఎప్పుడూ ఒక వ్యక్తి పగ. పట్టుకుంటే ఐపోతుంది.

సందర్భం కాకపోయినా చెస్టర్టన్‌ను తలచుకోకుండా ఉండలేను. ఆయన సృష్టించిన ఫాదర్ బ్రౌన్, 1911లో మొదటి పుస్తకంగా వచ్చిన కథల్లోని పొట్టి కాథలిక్కు పాదిరీ, నేరాలు ఎలా పసిగడతాడు? రోజూ పాపాలు ఒప్పుకునేవారి మాటలు వింటాడు కాబట్టి. ఆయన శుభ్రత చెవులు మూసుకుని సంపాదించినది కాదు.

చివరిగా హారియట్ బీచర్ స్టౌ. పాదిరీ కూతురు, పాదిరీ భార్య. అంకుల్ టామ్స్ కాబిన్ 1851–52లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1852లో పుస్తకమై, ఏడాదిలోపే అమెరికాలో మూడు లక్షల ప్రతులు పోయింది. యజమాని అప్పు తీర్చడానికి తన కొడుకును వ్యాపారికి అమ్మాడని తలుపు చాటు నుంచి విన్న ఎలీజా, పిల్లవాణ్ణి ఎత్తుకుని ఒహాయో నది మీద పగిలి తేలే మంచుపెళ్లల మీదుగా గెంతుతూ దాటుతుంది. వెనక ఒడ్డున వ్యాపారి. అంతకంటే ఊపిరాడనివ్వని ఘట్టం ఏ డిటెక్టివ్ నవలలో ఉంది? లెగ్రీ అనే యజమాని చెరలో ఉన్న కాసీ అనే బానిస స్త్రీ జీవితమంతా మగవాళ్ల చేతులు మారిన జీవితం. స్టౌ దాన్ని ఒక్క అసభ్యపు మాట లేకుండా రాసింది, ఒక్క నిజమూ దాచకుండా రాసింది. ఆ కాసీయే యజమాని దయ్యాల భయాన్ని ఆసరా చేసుకుని, అటకమీద దయ్యం ఉందని నమ్మించి, అక్కడే దాక్కుని, మరో పిల్లను తీసుకుని పారిపోతుంది. మూఢనమ్మకాన్ని బానిస ఆయుధంగా మార్చిన ఆ అటక ఘట్టం ముందు మన చేతబడి నవలలన్నీ వెలవెలబోతాయి. ఈ నవల లోపాలు నాకు తెలియకపోలేదు. టామ్ ఓర్పును ఆదర్శం చేయడాన్ని, నల్లవారిని చివరికి లైబీరియాకు పంపడాన్ని నల్లజాతి రచయితలే తూర్పారబట్టారు. జేమ్స్ బాల్డ్విన్ 1949 నాటి వ్యాసం మన విద్యార్థులు చదవాలి. అయినా ఆమె తుడిచింది బూతును మాత్రమే. గొలుసును తుడవలేదు.

ఆ బీరువాలో ఈ పుస్తకం లేదు. నా ప్రతి ఒకటి తీసుకుపోయి అందులో పెట్టాను. రెండు నెలల తర్వాత, నర్సింగు రెండో ఏడు చదివే ఒకమ్మాయి దాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వాళ్ల నాయన సరస్సు మీద వేట చేసే మనిషి. పుస్తకం నచ్చిందా అని అడిగాను. నచ్చింది సార్, మంచు దాటేకాడ భయమేసింది అంది. మాటల్లో నేను గెల్డ్రియా కోట సంగతీ, ఓడల సంగతీ చెప్పాను. ఆ కోట దగ్గరి సమాధుల మీద చెక్కిన పుర్రె బొమ్మలు చిన్నప్పుడు చూసిందట.

"మనోళ్లను గూడా ఇట్నే ఎత్తకపోయినారా సార్?"

"పోయినారమ్మా."

"ఆ కథ ఎవురు రాసినారు?"

బీరువా తలుపు మూసి తాళం వేస్తున్నాను. చేతికి అందివ్వడానికి నా దగ్గర పుస్తకం లేదు.